చెడిన చెవిలోనే ఎక్కువ వినిపించిందన్నాడా? మీ అబ్బాయి నిజమే చెప్పాడు

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. మా అబ్బాయికి పదేళ్ళు. రెండేళ్ళ నుంచి జలుబు చేసినప్పుడల్లా కుడి చెవి కారుతోంది. నీళ్ళలాగా, జిగటగా వస్తుంది, వాసన లేదు. నెల్లూరులో చెవి డాక్టరుకు చూపిస్తే పొరకు రంధ్రం ఉందన్నారు. చెవికని వెళ్తే ముక్కులో, గొంతులో టార్చి వేశారు, నవ్వమన్నారు, కళ్ళు గట్టిగా మూయమన్నారు. ఎందుకో అర్థం కాలేదు. శృతిదండం (ట్యూనింగ్ ఫోర్కు) మోగించి నుదుటి మీద పెట్టి ఏ చెవిలో వినపడుతోందని అడిగితే, మావాడు కుడి చెవిలోనే అన్నాడు. కారే చెవిలో ఎక్కువ వినపడటమేమిటని అక్కడే కసిరాను. ఇంటికొచ్చాక వాళ్ళ నాన్న చెంప మీద ఒకటి కొట్టాడు. బడిలో మాస్టారు కూడా, పిలిస్తే పలకడు, కావాలనే చేస్తాడంటున్నారు. గదిలో కూర్చోబెట్టి తీసిన పరీక్ష కాగితం పంపుతున్నాను. అది చూసి మా బంధువు ఒకాయన 40 శాతం చెవుడు అన్నాడు. మా అత్తమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తుంది. డాక్టరిచ్చిన చుక్కలు వేస్తే తల తిరుగుతోందంటాడు. ఆపరేషన్ చేయించాలా? మా ఆయన బియ్యం మిల్లులో పని చేస్తాడు. ఆయనకూ ఈమధ్య సరిగా వినపడటం లేదు. ఇది వంశంలో ఉన్నదేనా?
— ఒక తల్లి, కోవూరు మండలం

సమాధానం: అమ్మా, ఆపరేషన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ అబ్బాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. 'నువ్వు చెప్పింది నిజమే నాయనా' అని చెప్పండి. వాళ్ళ నాన్న చేత కూడా చెప్పించండి. శృతిదండం నుదుటి మీద పెట్టినప్పుడు మీవాడిలాంటి పిల్లవాడికి కారే చెవిలోనే గట్టిగా వినపడాలి. వాడికి అలాగే వినపడింది, అలాగే చెప్పాడు. అమ్మ కసురుతున్నా మాట మార్చుకోలేదు. అదే వాడు భయపడి ఎడమ చెవి అని ఉంటే డాక్టరు గారికి అనవసరమైన కంగారు పుట్టేది. ఎందుకో కింద చెబుతాను.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే ఇంట్లో చేసి చూడండి. నోరు మూసుకుని 'మ్...' అని సాగదీయండి. తీస్తూనే ఒక చెవి రంధ్రాన్ని వేలితో మూయండి. శబ్దం ఎటు పోయింది? మూసిన చెవిలోకే పోతుంది. ఇంకో చెవి మూయండి, అటు వస్తుంది. మీ అత్తమ్మ గారి చేత, మీ ఆయన చేత కూడా చేయించండి. మాస్టారు ఒప్పుకుంటే ఆయన చేత కూడా. ఎవరు చేసినా ఇదే జరుగుతుంది.

కారణం ఇదీ. శబ్దం లోపలి చెవికి రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి గాలి దారి: చెవి రంధ్రం, పొర, దాని వెనకున్న చిన్న ఎముకలు. రెండోది ఎముక దారి: పుర్రె కంపిస్తే ఆ కంపనం నేరుగా లోపలి చెవిని కదిలిస్తుంది. శృతిదండాన్ని నుదుటి మీద ఆనిస్తే పని చేసేది ఈ రెండో దారి. గాలి దారి చెడిన చెవికి బయటి గోల అంతగా చేరదు. ఆసుపత్రి వరండాలో జనం మాటలు, పైన ఫ్యాను చప్పుడు అడ్డం రావు. పైగా ఎముక ద్వారా వచ్చిన కంపనంలో కొంత మామూలుగా చెవి రంధ్రం గుండా బయటికి పోతుంటుంది. గాలి దారి సరిగా లేనప్పుడు అది కూడా లోపలే నిలుస్తుంది. అందుకని అదే శబ్దం ఆ చెవిలో గట్టిగా వినపడుతుంది. దీనికి వేబర్ పరీక్ష అని పేరు. ఎర్నెస్ట్ వేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1834లో ఈ సంగతి రాశాడు.

మీవాడి చెవి నరం గానీ, లోపలి చెవి గానీ దెబ్బతిని ఉంటే ఆ శబ్దం మంచి చెవి వైపుకు, అంటే ఎడమకు పోయేది. అది కుడికి వచ్చిందంటే లోపలి చెవి, నరం బాగున్నాయని, లోపం దారిలోనే ఉందని అర్థం. దారిలో ఉన్న లోపాన్ని చాలావరకు బాగు చేయగలం. లోపలి చెవిలో వచ్చిన లోపాన్ని అంత సులువుగా బాగు చేయలేం. అందుకే వాడి జవాబును నేను ఇంత పట్టుకుని చెబుతున్నాను.

డాక్టరు గారు ఆ శృతిదండాన్నే చెవి వెనక గట్టి ఎముక మీద పెట్టి, తర్వాత చెవి ముందుకు తెచ్చి, ఎక్కడ గట్టిగా ఉందని కూడా అడిగి ఉంటారు. మామూలు చెవికి ముందు పెట్టినప్పుడే గట్టిగా వినపడుతుంది, ఎందుకంటే గాలి దారి ఎముక దారి కంటే మెరుగ్గా పని చేస్తుంది. మీవాడు వెనకే గట్టిగా ఉందని అని ఉంటాడు. ఇది రిన్నే పరీక్ష, 1855 నాటిది. ఈ ఒక్క పరీక్షతో మాత్రం మోసపోవచ్చు. ఒక చెవి పూర్తిగా చచ్చిపోయినా, ఎముక మీద పెట్టిన శబ్దం పుర్రె గుండా అవతలి మంచి చెవికి చేరి, రోగి 'వెనకే బాగుంది' అంటాడు. అందుకే రెండు పరీక్షలూ కలిపి చేస్తారు. సెకనుకు 512 సార్లు కంపించే ఒక ఉక్కు దండం, పిల్లవాడు చెప్పే రెండు నిజమైన మాటలు ఉంటే, లోపం చెవిలో ఏ భాగంలో ఉందో డాక్టరుకు నిమిషంలో తెలిసిపోతుంది. పిల్లల మాట వినకపోతే ఈ పరీక్షకు విలువే లేదు.

ఇక్కడ మిగతా పాఠకులకు ఒక మాట. ఎవరికైనా రాత్రికి రాత్రే, లేదా రెండు మూడు రోజుల్లో, నొప్పీ చీమూ లేకుండా ఒక చెవి వినపడటం మానేస్తే గులిమి అడ్డుపడిందేమో అనుకుని వారాలు ఊరుకోకండి. ఒక్కోసారి అది లోపలి చెవికి హఠాత్తుగా తగిలిన దెబ్బ. మందు తొలి రోజుల్లో పడితేనే ఆశ ఎక్కువ. ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు పొరలో రంధ్రం ఉంటే వినికిడి ఎందుకు తగ్గుతుందో చెబుతాను. మీవాడు కాలవలో మునిగినప్పుడు గట్టు మీది పిలకాయల అరుపులు వాడికి వినపడవు కదా. గాలిలో వచ్చే శబ్దం నీటిని తాకితే దాదాపు అంతా వెనక్కే పోతుంది, వెయ్యింట ఒక వంతు మాత్రం లోపలికి దిగుతుంది. మన లోపలి చెవిలో ఉన్నది కూడా ద్రవమే. గాలిలోని శబ్దాన్ని ఆ ద్రవంలోకి దించడానికి మధ్య చెవి ఉంది. పొర అడ్డంగా సుమారు 9 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని వెనక గాలి నిండిన చిన్న గది, అందులో సుత్తి, దాగలి, అంకవన్నె (గుర్రపు రికాబు) ఆకారాల్లో మూడు ఎముకలు. చివరిదైన అంకవన్నె 3 మిల్లీమీటర్లు ఉంటుంది, మొత్తం శరీరంలో దానికంటే చిన్న ఎముక లేదు. పొరలో కంపించే భాగం అంకవన్నె పాదం కంటే సుమారు 17 రెట్లు పెద్దది. వెడల్పాటి మేకు తల మీద కొట్టిన దెబ్బ సన్నని మొన దగ్గర ఎంత గట్టిగా దిగుతుందో, పొర మీద పడ్డ శబ్దం అంకవన్నె దగ్గర అంత గట్టిపడుతుంది. ఎముకలు మీటలా పని చేసే బలం కూడా కలిస్తే ఒత్తిడి 20 రెట్లు దాటుతుంది.

పొరకు రంధ్రం పడితే కంపించే మేర తగ్గుతుంది, శబ్దం రంధ్రం గుండా అవతలికి కూడా పోయి పొరను రెండు వైపుల నుంచీ నెడుతుంది. ఆ గట్టిపడటం అంతగా జరగదు. రంధ్రం ఎంత పెద్దదైతే నష్టం అంత ఎక్కువ. లోపల కాక్లియా అని రెండున్నర చుట్లు తిరిగిన సన్నని గొట్టం ఉంది, వినే కణాలన్నీ అందులోనే ఉన్నాయి. మీవాడిలో అది చక్కగా ఉంది. శబ్దం అక్కడి దాకా రావడమే కష్టమవుతోంది.

మీరు పంపిన కాగితం చూశాను. ఎర్రని సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. ఎడమ చెవి గుర్తులన్నీ పైన 10, 15 దగ్గరున్నాయి, చక్కని చెవి. కుడి చెవి సున్నాలు 40 గీత చుట్టూ ఉన్నాయి. అదే కుడి చెవికి బ్రాకెట్టు గుర్తులు 10 దగ్గరున్నాయి చూడండి, అవి ఎముక దారిలో తీసిన పరీక్షవి. గాలి దారికి 40, ఎముక దారికి 10. మధ్యలో 30 తేడా ఉంది. శృతిదండంతో మీవాడు నోటితో చెప్పిన సంగతినే మిషను కాగితం మీద గీసింది, అంతే.

ఈ 40 శాతం కాదమ్మా, 40 డెసిబెల్. మీ బంధువు మాట మనసులోంచి తీసేయండి. ఆరోగ్యంగా ఉన్న యువకులు వినగలిగిన అతి సన్నని శబ్దాన్ని సున్నాగా పెట్టుకుని లెక్కించే కొలత అది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట దాదాపు 60 దగ్గర ఉంటుంది, గుసగుస 30 దగ్గర. కాబట్టి ఆ చెవితో కూడా మీవాడు దగ్గరి మాట వింటాడు. దూరం నుంచి పిలిస్తే, సన్నగా మాట్లాడితే దాటిపోతుంది. ఎడమ చెవి సరిగా ఉంది కనక వికలాంగ సర్టిఫికెట్టు కోసం తిరగాల్సిన పని లేదు. వికలాంగుల హక్కుల 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్ లోపం ఉండాలి.

పరీక్ష గదిలో మంచి చెవిలో 'ష్' మని గాలి వీచినట్టు చప్పుడు పెట్టారని మీవాడు చెప్పి ఉండవచ్చు. అది కూడా తప్పు కాదు, మంచి పరీక్షకు గుర్తు. ఎముక మీద పెట్టిన శబ్దం అవతలి చెవికి కూడా చేరుతుందని పైన చెప్పాను కదా, ఆ చెవి దొంగతనంగా సాయం చేయకుండా దాన్ని చప్పుడుతో కట్టేస్తారు.

చెవికని వెళ్తే ముక్కు, గొంతు ఎందుకు చూశారని అడిగారు. మధ్య చెవి గది నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంది, యూస్టేషియన్ నాళం అంటారు. పెద్దవాళ్ళలో మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. చిన్న పిల్లల్లో అది పొట్టిగా, పడుకున్నట్టుగా ఉంటుంది, అందుకే ముక్కులోని చీమిడి సులువుగా చెవిలోకి ఎక్కుతుంది. జలుబు చేసినప్పుడల్లా చెవి కారుతోందని మీరు రాసింది దీని వల్లే. ముక్కు వెనక ఎడినాయిడ్లు (టాన్సిల్స్ లాంటి కండ) పెరిగి ఉన్నాయా, టాన్సిల్స్ ఎలా ఉన్నాయి, ముక్కు దూలం వంకరగా ఉందా అని చూడకుండా చెవికి మందిస్తే మళ్ళీ జలుబుకు మళ్ళీ కారుతుంది. నోరు తెరుచుకుని నిద్రపోతాడా, గురక పెడతాడా? డాక్టరు గారికి ఈ సంగతి చెప్పండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర ముసురు పట్టినప్పుడు జలుబులు ఎక్కువ, ఆ నెలల్లో జాగ్రత్త కూడా ఎక్కువ పడాలి.

నవ్వమని, కళ్ళు మూయమని అన్నది ముఖం నరం కోసం. ముఖాన్ని కదిలించే నరం మెదడు నుంచి వస్తూ మధ్య చెవి గది గోడలో, పలచని ఎముక కాలువలో నుంచే పోతుంది. చెవిలో జబ్బు ఎముకను తినే రకమైతే మూతి ఒక పక్కకు పోతుంది, ఆ వైపు కన్ను మూతపడదు. మీవాడు చక్కగా నవ్వాడు, కళ్ళు మూశాడు. మీరు చూపించిన డాక్టరు గారు ఓపికగా, ఏదీ వదలకుండా చూశారు, ఆయన దగ్గరే కొనసాగించండి.

చెవి కారడంలో రెండు రకాలున్నాయి. పొర మధ్యలో రంధ్రం పడి, చుట్టూ అంచు మిగిలి ఉండి, జలుబు చేసినప్పుడు వాసన లేని జిగట కారడం ఒకటి. మీవాడిది ఇదే అనిపిస్తోంది, చీటీలో కూడా మధ్య రంధ్రం అనే రాశారు. రెండోది పొర పైభాగంలోనో అంచులోనో గుంట పడి, అక్కడ చర్మం పేరుకుని ఎముకను కొరుక్కుంటూ పోయే రకం. కొద్దిగానే కారుతుంది, కానీ ముక్కు మూసుకునేంత కంపు ఉంటుంది, ఒక్కోసారి నెత్తురు చారలు. కారేది తక్కువ కదా అని జనం దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. ప్రాణానికి ముప్పు తెచ్చేది ఇదే, ఎందుకంటే మధ్య చెవి గది కప్పుకూ మెదడుకూ నడుమ ఉన్నది పలచని ఎముక మాత్రమే. మీవాడికి ఎప్పుడైనా కంపు మొదలైనా, చెవి వెనక వాచినా, మూతి వంకర పోయినా, జ్వరంతో తలనొప్పి వాంతులు వచ్చినా, చుక్కలు వేయకుండానే కళ్ళు తిరిగినా తెల్లారేదాకా ఆగకండి. దర్గామిట్ట పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. ప్రకాశం జిల్లా వాళ్ళకైతే ఒంగోలు రిమ్స్ ఉంది.

నూనె సంగతి. అమ్మా, ఇది మీ అత్తమ్మ గారికి నేను చెప్పానని చెప్పండి, నెమ్మదిగా చెప్పండి. మనవడి నొప్పి చూడలేక ఆమె పోస్తున్నారు, ఆ ప్రేమను నేను తప్పు పట్టను. ఆమె చిన్నతనంలో చెవి డాక్టరు ఎక్కడున్నాడు? కానీ పొరకు రంధ్రం ఉన్న చెవిలో పోసిన నూనె బయటి చెవిలో ఆగదు, రంధ్రం గుండా మధ్య గదిలోకి దిగి ఎముకల మీద పడుతుంది. వేడి ఎక్కువైతే కాలుస్తుంది. తడి, జిడ్డు చేరిన చెవిలో బూజు పెరుగుతుంది, ముసురు రోజుల్లో మరీ ఎక్కువ, నల్లని చుక్కలతో తడి కాగితంలా కనిపించే ఆ బూజు వల్ల దురద, నొప్పి, మళ్ళీ కారడం. వెల్లుల్లి రసం, ఆకు పసరు, పాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు. ఆమె చేతికి ఇంకో పని ఇవ్వండి: స్నానానికి ముందు మనవడి చెవిలో వ్యాసలీను రాసిన దూది పెట్టడం, స్నానం కాగానే తీసేయడం. ఈ ఒక్క పని రోజూ తప్పకుండా ఆమె చూసుకుంటే ఏ మందూ చేయనంత మేలు చేసినట్టే.

చెవి పొడిగా ఉండాలి. మీవాడికి కాలవ ఈత మానాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా చెవి బాగయ్యేదాకా మాన్పించాలి. పెన్నలోనైనా అంతే. రొట్టెల పండగకు స్వర్ణాల చెరువులో దిగితే దిగనివ్వండి, తల మాత్రం ముంచకూడదు. కారుతున్నప్పుడు శుభ్రమైన దూదిని ఒత్తిగా చేసి, బయటి భాగం వరకే ఉంచి తడి పీల్చనివ్వండి. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్స్ లోపలికి పోనివ్వకండి. సంతలోనో బస్టాండు దగ్గరో చెవి శుభ్రం చేస్తామనే వాళ్ళకు చెవి అప్పగించకండి.

చుక్కలు వేస్తే తల తిరగడం మీవాడి నటన కాదు. సీసాను ఫ్రిజ్‌లో పెడుతున్నారా? చల్లని చుక్కలు లోపలికి దిగితే, వినికిడి భాగం పక్కనే ఉన్న మూడు అర్ధవృత్తాకార నాళికల్లోని ద్రవం కదులుతుంది. తల తిరుగుతోందని మెదడు అనుకుంటుంది. చెవిలో చల్లని నీళ్ళు పోస్తే కళ్ళు ఎందుకు కదులుతాయో శోధించి రాబర్ట్ బారనీ అనే వియన్నా డాక్టరు 1914 నోబెల్ బహుమతి అందుకున్నాడు. మీరు చేయాల్సింది సీసాను గుప్పిట్లో కాసేపు పట్టుకుని, ఒంటి వేడికి వచ్చాక వేయడం. పక్కకు పడుకోబెట్టి, చుక్కలు వేశాక, చెవి ముందున్న చిన్న బుడిపెను వేలితో మూడు నాలుగు సార్లు నొక్కండి, మందు లోపలికి దిగుతుంది. అయిదు నిమిషాలు అలాగే పడుకోనివ్వండి.

ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతున్నాను. ఈసారి రాసిన చుక్కలే వాడండి. ఇంట్లో మిగిలిన పాతవి, పక్కింటి వాళ్ళవి, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి వద్దు. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి ఉన్న చుక్కలు పొర బాగున్న చెవికి ఫర్వాలేదు గానీ, రంధ్రం గుండా లోపలికి దిగితే వినే కణాలనే దెబ్బతీయగలవు. మీవాడికి మిగిలి ఉన్న మంచి ఆస్తి లోపలి చెవే.

ఆపరేషన్ చేయించాలా అంటే, నా అభిప్రాయం చేయించాలనే. తొందరేమీ లేదు. ముందు చెవి పూర్తిగా ఆరాలి, కొన్ని వారాలు కారకుండా పొడిగా ఉండాలి, ముక్కు, ఎడినాయిడ్ల సంగతి తేలాలి. రంధ్రం ఉన్నంత కాలం నీళ్ళు పడ్డా, జలుబు చేసినా మళ్ళీ కారుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా కారితే ఎముకలు అరుగుతాయి, లోపలి చెవి కూడా కొంత దెబ్బతింటుంది. ఆపరేషన్ పేరు టింపనోప్లాస్టీ. చెవి పైన కణత కండరాన్ని కప్పి ఉండే పలచని పొరను కొద్దిగా తీసి, రంధ్రం మీద అతికిస్తారు, బయటి వస్తువేదీ పెట్టరు. పనిలో పనిగా ఎముకల గొలుసు కదులుతోందో లేదో చూస్తారు. పిల్లలకు మత్తిచ్చి చేస్తారు. తలలోకి పోయే ఆపరేషన్ అని ఎవరో భయపెడతారు, అది పొర మీద చేసే పని. తర్వాత కొన్ని వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు, నీళ్ళు పోకూడదు. ఒక్కోసారి అతుకు నిలవకపోవచ్చు, అప్పుడు మళ్ళీ చేయవచ్చు. ఇది డాక్టరు గారిని ముందే అడిగి తెలుసుకోండి. ఖర్చు గురించి రేషన్ కార్డు తీసుకుని ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరు దగ్గర కనుక్కోండి.

బడికి వెళ్ళి మాస్టారుతో మాట్లాడండి, కాగితం చూపించండి. మీవాడు ముందు బెంచీలో, బోర్డుకు ఎదురుగా కూర్చుంటే కుడి చివరన ఉండాలి, అప్పుడు మంచి చెవి మాస్టారు వైపు తిరిగి ఉంటుంది. ఒక చెవి తగ్గినవాళ్ళకు నిశ్శబ్దంలో అంతా బాగానే వినపడుతుంది. క్లాసులో గోల ఉంటే మాట విడదీసుకోలేరు. ఇంట్లో పలికినవాడు బడిలో పలకకపోవడం చూసి పెద్దవాళ్ళు మొండితనం అనుకుంటారు. ఇంకో సంగతి, శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి. రెండు చెవులకూ చేరడంలో సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ తేడాను బట్టి మెదడు దిక్కు కనిపెడుతుంది. మీవాడికి హారను వినపడుతుంది గానీ లారీ ఎటు నుంచి వస్తోందో తెలియకపోవచ్చు. 16వ నంబరు జాతీయ రహదారి దాటేటప్పుడు, సైకిలు తొక్కేటప్పుడు రెండు వైపులా తల తిప్పి చూసే అలవాటు చేయండి.

చెంప మీద కొట్టారని రాశారు. మీ ఆయన కుడి చేతివాటం మనిషైతే, ఎదురుగా నిలబడి కొట్టిన దెబ్బ పిల్లవాడి ఎడమ చెంప మీద పడుతుంది. ఆ వైపున్నది వాడి మంచి చెవి. చెంప దెబ్బ చెవి మీద పడితే అరచేతికింద గాలి ఒత్తిడికి పొర చిరిగిపోతుంది, అలా చిరిగిన పొరలు నేను చూశాను. ఏ పిల్లవాడినీ ఎవరూ చెవి మీద కొట్టకూడదు, బడిలోనైనా ఇంట్లోనైనా. మీ ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి.

ఆయన చెవి సంగతి కూడా చెప్పాలి. అది వంశం వల్ల వచ్చిందని మీ ఉత్తరంలో ఏ ఆనవాలూ లేదు, కొడుకు చెవికీ ఆయన చెవికీ సంబంధం లేదు. మిల్లులో చెయ్యి చాచినంత దూరంలో ఉన్నవాడితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే ఆ చప్పుడు 85 డెసిబెల్ దాటినట్టే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 దగ్గర రోజుకు 8 గంటలు హద్దు, 3 డెసిబెల్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలే. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో, కోత మిషన్ల దగ్గర పని చేసేవాళ్ళకు కూడా ఇదే ముప్పు. ఒక్కో చెవిలో వినే కణాలు 15 వేల చిల్లర ఉంటాయి. పక్షుల్లో చచ్చిన కణాలు మళ్ళీ మొలుస్తాయి, మనుషుల్లో మొలవవు. చీమూ నొప్పీ లేకుండా పోతాయి కనక ఎవరూ పట్టించుకోరు. మొదట కీచు శబ్దాలు వినపడకుండా పోతాయి, చెవిలో కీచుమని మోత మొదలవుతుంది, టీవీ సౌండు పెంచుతారు, మాట వినపడుతుంది గానీ ఏమన్నారో అర్థం కాదు.

శృతిదండం పరీక్షలో ఆయన చెవులు మామూలుగానే కనిపించవచ్చు. రెండు చెవులూ సమానంగా తగ్గితే నుదుటి మీది శబ్దం నడిమధ్యనే ఉంటుంది. గదిలో తీసే పరీక్షే కావాలి, సెకనుకు 4000 సార్లు కంపించే శబ్దం దగ్గర గీత కిందికి దిగి ఉందేమో చూడాలి. పోయింది మందులతో రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. చెవుల్లో దూది పెట్టుకుంటే చాలదు, చెవిని బిగుతుగా మూసే ప్లగ్గులో, పైన పెట్టుకునే మఫ్లో వాడాలి. యజమానిని అడగడానికి మొహమాటపడవద్దు.

అబ్బాయిని మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళేటప్పుడు ఆయన కూడా వెంట వెళ్ళి, అదే రోజు ఆయన చెవులకూ గది పరీక్ష చేయించుకోమనండి. మిల్లు పని నుంచి నేరుగా వెళ్తే పరీక్ష ఉన్నదానికంటే తగ్గి కనిపిస్తుంది, కాబట్టి సెలవు మర్నాడు పొద్దున, పనిలోకి దిగకముందే వెళ్ళాలి. పాత కాగితాలన్నీ, చుక్కల సీసాతో సహా, పట్టుకెళ్ళండి.